పుర్రచేతి కుర్రాడు

మిసిసిపీ నది ఒడ్డున మా ఊళ్ళో
మొక్కజొన్న పిండిమిల్లు వాసనకి ఎవరూ ముక్కు మూసుకోరు.
నాది ఆ మిల్లులోనే రాత్రి డ్యూటీ.
డ్యూటీ లేని సాయంత్రాలు
మూడో బేస్ వెనక ఆరు డాలర్ల బెంచీ మీద నేనూ,
మొద్దు పెన్సిలూ, కాకీ అట్ట నోటుబుక్కూ.

ఇరవై మూడేళ్ళ నోటుబుక్కులు.
ఆరువందల పైచిలుకు కుర్రాళ్ళు.
పెద్ద లీగు దాకా వెళ్ళినవాళ్ళు ముప్పై ఒక్కరు.
మిగతావాళ్ళలో ఒకడు మొన్న మా ఇంటి ఏసీ బాగుచేశాడు.
"నీ పేరు మీద పద్నాలుగు హోమ్ రన్నులున్నాయి నా దగ్గర"
అన్నాను డబ్బు లెక్కపెడుతూ.
స్క్రూడ్రైవర్ జేబులో దోపుకుని
"పదిహేను" అన్నాడు.

పూతంతా పిందె కాదు, పిందెంతా కాయ కాదు.
తెలిసీ ఏటా ఏప్రిల్లో
కొమ్మ కిందికొచ్చి తల పైకెత్తుతాను.

ఈ ఏడు వచ్చినవాడు ఎలీజియో.
డొమినికన్ కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు, పుర్రచెయ్యి.
తొలి మూడు ఆటల్లో వాడి బంతి
క్యాచర్ని తప్ప అందర్నీ పలకరించింది:
వెనక వలని, అంపైర్ భుజాన్ని,
ఒకసారి వేరుశనక్కాయలమ్మే డ్వేన్ బుట్టని.
"తొంభై ఏడు మైళ్ళు" అని వెలిగింది స్కోరుబోర్డు.
"ఎటువైపు?" అన్నాడు పక్క సీటు ఆర్విడ్,
రైల్వేలో రిటైరైనవాడు, దేనికీ చప్పట్లు కొట్టనివాడు.

జూన్ చివర్న ఒక రాత్రి
నదిలోంచి మేఫ్లైలు లేచాయి.
ఉసిళ్ళకి దూరపు చుట్టాల్లా ఉంటాయి.
ఒక్క రోజు బతుకు, తినడానికి నోరు కూడా ఉండదు.
దీపాల్ని కమ్మేసి
టోపీల మీద, గడ్డి మీద, నా పేజీ మీద రాలాయి.
ఆట ఆపి చీపుళ్ళతో ఊడ్చారు.
సగం జనం ఇళ్ళకి పోయారు.
వాడొక్కడూ మట్టిదిబ్బ మీంచి కదల్లేదు.
గ్లవ్ మీద వాలినదాన్ని మెల్లగా ఊది,
అది ఎగిరేదాకా చూసి,
కాలెత్తాడు.

బంతి బ్యాటర్ భుజం మీదికే వచ్చింది.
వాడు వెనక్కి జరిగాడు.
వీధి దాకా పోయినవాళ్ళు తాళం మరిచి
చటుక్కున గుమ్మంలోకి తిరిగినట్టు
అది లోపలికి తిరిగింది.
బ్యాటు ఊపకుండా ఔటైతే
కె అక్షరాన్ని తిరగేసి రాయడం మా లెక్కల పద్ధతి.
తిరగేసి రాశాను.
మళ్ళీ తిరగేసి.
మళ్ళీ.
ఏడు ఇన్నింగ్సుల్లో పదకొండు.
ఆర్విడ్ రెండు చేతులూ ఒళ్ళోంచి పైకి తీశాడు,
టోపీ మీది పురుగులు దులుపుకోవడానికే అనుకోండి.

అప్పుడే తెలిసిపోయింది, వీడు మాకు మిగలడని.
ఇక్కడ బాగా ఆడటమంటే ఇక్కణ్ణుంచి పోవడం.
వరసగా నాలుగు చెత్త ఆటలాడితే
ఆగస్టు దాకా ఉంచుకోవచ్చు వాణ్ణి.
నిజం చెబుతున్నా, ఒక్క క్షణం
ఆ చెత్త ఆటలే కోరుకున్నాను.
నాలిక కరుచుకున్నాను.

మంగళవారం తెల్లవారుజామున
డ్యూటీ దిగి పెట్రోలు బంకు దగ్గర ఆగితే
వాడు. పెద్ద సంచీ, చేతిలో పాల డబ్బా,
విమానాశ్రయం కారు కోసం చూస్తూ.
నన్ను చూసి వేలెత్తి
"పెన్సిల్ సెన్యోరా" అన్నాడు.
మూడు నెలలుగా నేనే వాణ్ణి చూస్తున్నాననుకున్నాను.

వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు:
"అక్కడ కూడా వస్తాయా, ఆ పురుగులు?"
"రావు. ఆ ఊళ్ళో నది లేదు."
వాడు కొంచెం దిగులుపడ్డట్టే అనిపించింది.
కారొచ్చింది.
పాల డబ్బా కొస దాకా తాగి, నలిపి, చెత్తబుట్టలోకి విసిరాడు
పుర్రచేత్తో.
పడలేదు.
తీసి వేసి వెళ్ళాడు.

సాయంత్రం వాడి చోట ఇరవై ఏడేళ్ళవాడొకడు దిగాడు.
ఓక్లహోమా. మోచేతి మీద రెండు కుట్ల గీతలు.
పేరు ఎలా రాయాలో డ్వేన్‌ని అడిగి
కొత్త పేజీలో రాసుకున్నాను.
మొదటి బంతి:
బయటికి.